అడిగినవాడి పేరు రాసుకో

పోయిన వేసవిలో ఒకనాటి మధ్యాహ్నం మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని మజ్జిగ తాగుతున్నాను. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. మే నెలలో ఓరుగల్లు కోట రాళ్లమీద రొట్టెలు కాల్చుకోవచ్చు. తల ఎత్తి చూద్దును గదా, గుమ్మం దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. నర్సంపేట వైపు పల్లెటూరినుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. క్లాసులో నోరు విప్పి మాట్లాడగా నేను విన్నది తక్కువ.

"సార్, నా తెలుగు మార్కులు ఒక్కసారి చూస్తారా?"

"చూడటానికేముందమ్మా, దిద్దింది నేనేగా. 37 వచ్చాయి. ఇంకో మూడు వస్తే గట్టెక్కేదానివి."

"ఔను సార్. కానీ మూడు భాగాలకు వేరువేరుగా మార్కులు వేసిన్రు కదా సార్. 19, 12, 11. అవి కలిపితే 42 అయితది సార్."

ఆ పిల్ల ఇంతకన్న ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. నేను ఎం.ఏ. చదివినవాణ్ణి, అయినా వేళ్లు మడిచి లెక్కపెట్టాను. 42! నా ఎదుట ఉన్న జాబితాలో మాత్రం మొత్తం దగ్గర 37 అనీ, దాని పక్కన "తప్పినది" అనీ ఉంది. ఆ జాబితా అప్పటికే ఉపకారవేతనాల గుమాస్తాగారి బల్ల మీదికి చేరిపోయింది. వేతనం ఆగిపోతే ఆ అమ్మాయికి వచ్చే ఏడు బస్సు ఖర్చులకు కూడా ఇబ్బందేనని తరువాత తెలిసింది.

మొదటి భాగానికి నేను మొదట వేసింది 14. ఒక ప్రశ్నకు మార్కులు వెయ్యడం మరిచిపోయి, మళ్లీ చూసినప్పుడు 19గా దిద్దాను. 14 ఉన్నప్పటి మొత్తం 37. భాగం మారింది, మొత్తం మారలేదు. కంప్యూటరు కూడికలో తప్పు చేసిందా? సహజంగానే తప్పు ముందు దానిమీదికి నెట్టాను.

ఆ సాయంత్రం మా మేనల్లుడు హైదరాబాదునుంచి వచ్చాడు. వాడు కంప్యూటరు పనిలో ఉన్నాడు. యంత్రాలకు ముందువైపు ఉండే చిన్న చిన్న తెరలుంటాయి చూడండి, వాటిమీద అంకెలూ అక్షరాలూ బొత్తాలూ కనిపించే ఏర్పాటు చేస్తాడు. ప్రస్తుతం ఎవరో తూకం యంత్రాలవాళ్లకు చేసిపెడుతున్నాడు. జాబితా వాడికి చూపించి, "మీ యంత్రాల నిర్వాకం చూడరా" అన్నాను.

వాడు పై వరస గడి మీద నొక్కాడు. పైన సన్నటి పట్టీలో కూడిక సూత్రం కనిపించింది. కింది వరసా అంతే. ఆ అమ్మాయి వరసకు వచ్చేసరికి సూత్రం లేదు, ఉత్త 37 ఉంది.

"మామా, ఇక్కడ ఎవరో చేత్తో 37 కొట్టిన్రు. సూత్రం పోయింది."

ఆ ఎవరో నేనే. ఆ రోజు ఏదో తికమకలో, కాగితం మీద కూడుకున్న మొత్తాన్ని తెచ్చి ఆ గడిలో కొట్టిన సంగతి చప్పున జ్ఞాపకం వచ్చింది. నిమ్మళంగా ఒప్పుకున్నాను. మా ఇంటావిడ వంటింట్లోంచి నవ్వు వినిపించకుండా నవ్వింది.

ఇంతటితో అయితే ఇది రాయదగ్గ సంగతి కాకపోను. కాని నాకొక సందేహం పట్టుకుంది. "సూత్రం ఉన్న గడికి తన పై గడి మారిందని ఎలా తెలుస్తుందిరా? ఎవరు చెబుతారు?" అని అడిగాను. వాడి ముఖం వెలిగిపోయింది. తన వృత్తి రహస్యాన్ని మామ అడగడం వాడి జన్మలో ఇదే మొదలు. రాత్రి పదకొండు దాకా చెప్పాడు. నాకు బోధపడినంత మేరకు మీకు చెబుతాను.

ఈ గడుల పుట్టుకే ఒక నల్లబల్ల దగ్గర జరిగింది. 1978లో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి అమెరికాలో హార్వర్డ్ వ్యాపార విద్యాలయంలో చదువుతూ, పంతులుగారు బల్లమీద పెద్ద పట్టిక వేసి లెక్క చెప్పడం చూశాడు. ఒక్క అంకె మారితే దానిమీద ఆధారపడ్డ అంకెలన్నీ తుడిచి మళ్లీ రాయవలసి వచ్చేది. ఇది యంత్రమే చేస్తే ఎంత సుఖం అనుకున్నాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే మిత్రుడితో కలిసి 1979లో విసికాల్క్ అనే ప్రోగ్రాము తెచ్చాడు. ఈనాడు ప్రతి ఆఫీసులోనూ ఉండే లెక్కల గడులకు అదే పూర్వీకం.

తూకం యంత్రం తెర కూడా అలాంటిదే. మన ఏనుమాముల మార్కెట్టు యార్డులో పత్తి బస్తా కాటా ఎక్కిందనుకోండి. బస్తాతో బరువు 52 కిలోలు. గోనెకు 2 కిలోలు తీసేస్తే నికరం 50. కిలో 70 రూపాయలైతే సొమ్ము 3500. ఇందులో ఒకరు చెబితే వచ్చినవి మూడే: బరువు, గోనె, ధర. నికరమూ సొమ్మూ వాటిలోంచి పుట్టినవి. పుట్టిన అంకెను అంకెగా దాచుకోకూడదు, సంబంధంగా రాసుకోవాలి. "నికరమంటే బరువులోంచి గోనె తీసేసినది" అని ఒక్కసారి రాస్తే చాలు. తెరమీద పెట్టె వెడల్పూ, అక్షరం రంగూ, బొత్తం కనబడాలా వద్దా అన్నదీ, అన్నీ ఇలాగే రాయవచ్చునట. "సొమ్ము సున్న అయితే రసీదు బొత్తం మసకబారాలి" అంటే అదీ ఒక సంబంధమే.

ఇలా రాసుకోవడానికి వాడు వాడే పనిముట్ల పెట్టె పేరు స్లింట్. జర్మనీలో, బెర్లిన్ నగరంలో పుట్టింది. సైమన్ హౌస్మన్, ఒలివియే గోఫార్ అనే ఇద్దరు 2020లో దీనికోసం సంస్థ పెట్టారు. వీళ్లిద్దరూ అంతకు ముందు క్యూట్ అనే, నార్వేలో పుట్టిన పేరుమోసిన పనిముట్ల పెట్టెమీద ఏళ్లతరబడి పనిచేసినవాళ్లు. 2023లో మొదటి పక్కా ప్రతి వెలువడింది.

ఇక నా సందేహం. ఎవరికి ఎవరు చెప్పాలి? మనుషులకైతే ఇది పెద్ద చిక్కు. పెళ్లిముహూర్తం గంట ముందుకు జరిగితే పురోహితుడికి చెబుతారు, వంటవాడికి చెబుతారు, బాజాలవాణ్ణి మరిచిపోతారు. ప్రోగ్రాము రాసేవాడు "ధర మారితే సొమ్ముకు చెప్పు, రసీదుకు చెప్పు, బొత్తానికి చెప్పు" అని తానే జాబితా రాస్తూపోతే వాడూ ఒక బాజాలవాణ్ణి మరిచిపోతాడు. అందుచేత ఈ పెట్టెలో ఆ జాబితా ఎవరూ రాయరు. అది దానంతట అదే తయారవుతుంది. ఆ కిటుకు చెబితే మీరూ నాలాగే "ఓస్, ఇంతేనా" అంటారు.

ఈ అంకెలన్నీ ఒక కచేరీలో గుమాస్తాలనుకోండి. గోడకు ఒక పలక వేలాడుతోంది. ఎవరు లెక్క మొదలుపెడితే వాళ్లు ముందు తమ పేరు పలకమీద రాయాలి. సొమ్ము గుమాస్తా "సొమ్ము" అని రాసి, నికరాన్ని "నీదెంత?" అని అడుగుతాడు. నికరం జవాబు చెబుతూ పలకవైపు చూస్తాడు. అడిగినవాడు సొమ్మని తెలుస్తుంది. వెంటనే సొమ్ము పేరున్న చీటీ ఒకటి నికరం గుమ్మానికి వేలాడుతుంది. ధర దగ్గరికి వెళ్లినా అంతే, అక్కడా ఒక చీటీ. అడగడంలోనే సంబంధం నమోదైపోయింది! వేరే దరఖాస్తు లేదు, దస్తావేజు లేదు. నికరం తన లెక్క తాను చేసుకునేటప్పుడు పలకమీద తన పేరు రాసుకుంటాడు, పని అయ్యాక పాత పేరు మళ్లీ పెడతాడు.

ఇప్పుడు ధర 70 నుంచి 68కి తగ్గిందనుకోండి. ధర గుమాస్తా తన గుమ్మానికున్న చీటీలు చూసి ఒక్కొక్కరికీ కబురు పంపుతాడు. ఏమని? కొత్త సొమ్ము ఇంత అని కాదు. "నీ లెక్క పాతబడింది" అని మాత్రమే. సొమ్ము తన చీటీలవాళ్లకు అదే కబురు చేరవేస్తాడు. అప్పటికే పాతబడ్డ గుమాస్తాకు మళ్లీ కబురు వస్తే ముందుకు పంపడు, ఒకసారి చెప్పిందే చాలు గనుక. 68 ఉన్నచోట మళ్లీ 68 అనే రాస్తే కబురే పుట్టదు. ఎవడూ ఇంకా కూడలేదు, గుణించలేదు. ఎవరైనా వచ్చి సొమ్మెంత అని అడిగినప్పుడే గుణకారం: 3400.

పాతబడ్డ దాన్ని ఆ వృత్తివాళ్లు మాసినది అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతో పిలుస్తారట. మా అమ్మమ్మ బతికి ఉంటే ఈ శాస్త్రం ఆవిడకు నాకంటె ముందు బోధపడేది. మైలబట్ట తగిలిన బట్ట మైల, దాన్ని తాకిన బట్టా మైలే. కాని మైలపడ్డ ప్రతి బట్టనూ అప్పటికప్పుడు తడిపేది కాదు, మర్నాడు కట్టుకోవలసినదాన్నే తడిపేది. ఆ మడి మా ఇంట్లో ఎవరిని ఎంత బాధపెట్టిందో వేరే కథ. అయితే లెక్క పద్ధతి మాత్రం ఇదే.

ఇందులో లాభమేమిటని అడిగాను. వాడు ఆ పనిముట్ల పెట్టె మొదటి పేరు చెప్పాడు. స్లింట్ అనే పేరు రాకముందు దాని పేరు సిక్స్టీఎఫ్‌పీఎస్. అంటే క్షణానికి అరవై బొమ్మలు. తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ గీస్తుంది. బస్తా కాటామీద ఊగుతూ ఆ సెకనులో బరువు వెయ్యిసార్లు మారవచ్చు. మారినప్పుడల్లా సొమ్ము గుణించి, రసీదు దిద్ది, అక్షరాలు సర్దితే యంత్రానికి ఊపిరాడదు. కబుర్లు మాత్రం పంపించి, గీసే ఘడియ వచ్చినప్పుడు ఒక్కసారి గుణిస్తే సరి. ఆ గీసేవాడు కూడా గుమాస్తాలలో ఒకడేనట! గీయబోయే ముందు వాడూ పలకమీద పేరు రాస్తాడు. గీస్తూ ఏ రంగు అడిగాడో, ఏ వెడల్పు అడిగాడో, వాటన్నిటికీ వాడి చీటీ వేలాడుతుంది. వాటిలో ఏది మారినా "మళ్లీ గీయాలి" అని కబురు. తెరమీద లేని దానికి చీటీ లేదు, అందుచేత అది మారితే గీతా లేదు.

ఇది వింటుంటే మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు మనసులో మెదిలాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే కింది చెరువుకు నీరు. పాకాలనూ రామప్పనూ తవ్వించిన 13వ శతాబ్దంనుంచి ఈ ప్రాంతంవాళ్లకు ఒకటి మారితే రెండోది మారే లెక్క కొత్తది కాదు. ఆ మాటే అంటే మేనల్లుడు ఒప్పుకోలేదు. "మత్తడి అడగకున్నా దూకుతది మామా. మాది తూము. కబురే కిందికి పోతది. నీళ్లు మాత్రం అడిగినోడు వచ్చి తూము ఎత్తితేనే" అన్నాడు. తెలుగు పంతులు ఉపమానాన్ని ఇంజనీరు దిద్దడం కొంచెం కష్టంగానే ఉంటుంది. కాని వాడన్నది నిజం.

చీటీల సంగతిలో ఇంకొక సొగసు ఉంది. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత ఉంటుంది. 8 లోపు ఉంటే కోత ఎంతో అడిగే పనే లేదు. కాబట్టి ఆరిన పత్తి కాటామీద ఉన్నంతసేపూ సొమ్ము చీటీ తేమ గుమ్మానికే ఉంటుంది, కోత గుమ్మానికి ఉండదు. తడి పత్తి రాగానే సొమ్ము కోతనూ అడుగుతాడు, అక్కడా చీటీ పడుతుంది. అందుకని ప్రతి కొత్త లెక్కకు ముందు సొమ్ము తన పాత చీటీలన్నీ తీసేసుకుని మళ్లీ కొత్తగా వేలాడదీస్తాడు. చీటీ అడిగినవాడి సొత్తు, వేలాడేది చెప్పినవాడి గుమ్మానికి. ప్రతి చీటీ తన ముందు చీటీనీ వెనక చీటీనీ చెరో చేత్తో పట్టుకుని ఉంటుంది గనుక మధ్యలోది ఊడదీసినా వెతుకులాట ఉండదు, పక్కవాళ్లు చేతులు కలుపుతారు. పూలదండలో ఒక పువ్వు తీసి ముడివేసినట్టే.

ఇంతా చేసి దీనికి పట్టే చోటు చూస్తే ఆశ్చర్యం. 2021లో నాలుగు డాలర్ల వెలతో రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న పలక వచ్చింది. దాని జ్ఞాపకశక్తి 264 కిలోబైట్లు. మన చేతిఫోనులో ఉండేది దానికి పదివేల రెట్ల పైమాటే. స్లింట్ ఆ పికోమీద కూడా నడుస్తుంది. అందుచేత ప్రతి విలువ పక్కనా అదనంగా ఒకే ఒక్క చిరునామా పట్టేంత చోటు ఇచ్చారు. చెప్పుడు అంకె అయితే అక్కడ చీటీల దండ మొదలు ఉంటుంది. సంబంధం ఉన్న అంకె అయితే ఆ సంబంధం రాసిపెట్టిన చోటు చిరునామా ఉంటుంది, దండ మొదలు అక్కడ ఉంటుంది. మరి రెంటిలో ఏది ఉందో ఎలా తెలుసుకోవడం? చిరునామాలు ఎప్పుడూ నాలుగుతో భాగింపబడే చోట్లే పడతాయి గనుక, యంత్రపు అంకెల్లో చివరి రెండు స్థానాలూ ఎప్పుడూ సున్నలే. ఆ ఖాళీ సున్నలలో ఒకదాన్ని "ఇక్కడ సంబంధం ఉంది" అనడానికి గుర్తు చేసుకున్నారు. రెండోది తాళం. తాటాకు అంచును కూడా వృథా పోనివ్వని లేఖకుడి పొదుపు ఇది!

తాళం ఎందుకంటే, సొమ్ము నికరాన్ని అడిగి, నికరం పోయి మళ్లీ సొమ్మునే అడిగాడనుకోండి. అబ్బాయివాళ్లు పిలిస్తేగాని పోమని అమ్మాయివాళ్లూ, వాళ్లు వస్తేగాని పిలవమని అబ్బాయివాళ్లూ కూర్చున్నట్టు, తెల్లవార్లూ తేలదు. లెక్క నడుస్తున్నంతసేపూ తాళం వేసి ఉంటుంది కనుక, తాళం ఉన్న గదిని మళ్లీ ఎవరైనా తట్టితే గుట్టు బయటపడి పని ఆగిపోతుంది. చాలామట్టుకు ఇలాంటి చక్రాలను ప్రోగ్రాము తయారయ్యేటప్పుడే పట్టుకుని రాసినవాణ్ణి కేకలేస్తారట. ఎన్నటికీ మారని అంకెలనూ అప్పుడే గుర్తుపెట్టి, వాటికి చీటీల బెడదే లేకుండా చేస్తారు.

భాషల సంగతి నాకు మరీ నచ్చింది. స్లింట్ లోపలి గుండె రస్ట్ అనే భాషలో రాసినది. కాని దాన్ని సి ప్లస్ ప్లస్ భాషవాళ్లూ వాడతారు, జావాస్క్రిప్ట్‌వాళ్లూ, పైథాన్‌వాళ్లూ వాడతారు. ఒక భాష అంకె మరొక భాష సూత్రాన్ని ఎలా అడుగుతుంది? మా తాతగారి తరంలో వరంగల్లులో ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, బట్టల అంగడిలో ఇంకొకటి. అయినా మనియార్డరు ఫారం ఒక్కటే. ఏ గడిలో ఊరు, ఏ గడిలో సొమ్ము అన్నది అందరికీ తెలుసు. ఇక్కడ ఆ ఫారం సి అనే పాతభాష మర్యాద. అది ఎవరింట్లోనూ మాట్లాడనక్కరలేదు, గుమ్మం దగ్గర మాత్రం అందరూ పాటిస్తారు. రస్ట్ గుండెకు ఆ అంకె ఏ భాషదో, అంకెనో అక్షరాలో కూడా తెలియనక్కరలేదు. "దీన్ని లెక్కకట్టాలంటే ఈ తలుపు తట్టు, దీన్ని పారవెయ్యాలంటే ఆ తలుపు తట్టు" అని తలుపుల పట్టీ ఒకటి ఇస్తే చాలు. చీటీలు కట్టడమూ కబుర్లు పంపడమూ దాని పని, అర్థం చెప్పడం భాషల పని. వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి కదా, విభక్తి ప్రత్యయం గుర్తొచ్చింది. "కు" అనే ప్రత్యయం రాముడికి తగిలిందో రాయికి తగిలిందో చూసుకోదు.

అంతా విని, "మరి మీ స్లింట్‌లో అయితే నా 37 తప్పు జరగదు కదా?" అన్నాను, కాస్త ఓదార్పుకోసం.

"జరుగుతది మామా. సంబంధం ఉన్నచోట చేత్తో అంకె పెడితే ఇక్కడ కూడా సంబంధం తెగిపోతది. రెండువైపులా ముడి ఉంచాలంటే అట్ల ముందే వేరేగా రాసుకోవాలె. లేకుంటే నువ్వు పెట్టిందే ఖాయం."

"చెప్పదా? ఒక్క మాటైనా అనదా?"

"అనదు. నీ ఇష్టమే దాని ఇష్టమనుకుంటది."

నాకిది సబబుగా తోచలేదు. ఇన్ని కబుర్లు పంపేది, తన నరం తెగిన కబురు మాత్రం ఎవరికీ పంపదేమి? అదే మాట అన్నాను. వాడు నవ్వి, "అడగాల్సిన ప్రశ్నే" అని జవాబు చెప్పకుండా భోజనానికి లేచాడు. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. సూత్రం ఉన్న గడిలో ఉత్త అంకె పడ్డప్పుడు ఒక ఎర్రచుక్కైనా పెట్టాలి. మా బోంట్లకోసం.

మర్నాడు పెందలాడే కాలేజీకి వెళ్లి, తప్పు నాదేనని కాగితం రాసి గుమాస్తాగారికి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలలోంచి చూసి, "లెక్చరరుగారూ, కూడిక మా డిపార్టుమెంటు కదా" అన్నాడు. అన్నా, ఆ అమ్మాయి పేరు మధ్యాహ్నానికల్లా జాబితాలో ఎక్కించాడు. ఆమె వచ్చి "థాంక్స్ సార్" అని, ఇంకేదో చెప్పబోయి చెప్పకుండానే వెళ్లిపోయింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నా మనసు ఊరుకోలేదు. మేనల్లుడు చూపించినట్టు ఒక్కొక్క గడినే నొక్కుతూ 64 వరసలూ చూశాను. చేత్తో కొట్టిన అంకెలు ఇంకా రెండు దొరికాయి. ఒకదానిలో మొత్తం సరిగ్గానే ఉంది. రెండోది ఒక కుర్రాడిది. మొత్తం దగ్గర 41 అని ఉంది, ఉత్తీర్ణుడు. భాగాలు కూడితే 38. ఎప్పుడో మూడు మార్కులు తగ్గించినట్టున్నాను, మొత్తం పాతదే ఉండిపోయింది. వాడు అడగలేదు. అడగడు కూడా, ఎందుకడుగుతాడు?

పై గడిలోని సూత్రాన్ని తెచ్చి ఆ గడిలో పెట్టాను. 41 నా కళ్లముందే 38 అయింది, పక్కన మాట కూడా దానంతట అదే మారిపోయింది. కాసేపు కుర్చీలో అలాగే కూర్చున్నాను. తరువాత బీరువా తీసి వాడి జవాబు పత్రం వెతికి మొదటినుంచీ మళ్లీ చదివాను, ఎక్కడైనా రెండు మార్కులు న్యాయంగా పెరుగుతాయేమోనని. ఒక్కటి పెరిగింది. 39.

వాణ్ణి సోమవారం వచ్చి కనబడమని కబురు చేశాను.